వెనక టైరు ఒరుసుకుంటోందా? రెప్లికా కారుకు ఏ మార్పు ఎవరికి పనికొస్తుంది

రెప్లికా (పేరున్న పాత కారుకు నకలు) స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు, కట్టించుకున్నవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఇదే: "స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డుకు ఒరుసుకుంటోంది, ఏం చెయ్యమంటావన్నా?" అడిగిన చోటల్లా ఒక్కో జవాబు వస్తుంది. టైర్ల షాపులో రిమ్ములు మార్చమంటారు. మెకానిక్ గట్టి స్ప్రింగులు వెయ్యమంటాడు. బాడీ షెడ్డులో అంచు కోసేస్తే సరిపోతుందంటారు. ఈ సలహాలన్నీ కొన్ని బండ్లకు సరిపోతాయి, కొన్నింటిని పాడు చేస్తాయి. మీ బండికి ఏది సరైనదో తేల్చుకోవడానికే ఈ పోలిక.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల రోడ్ల మీద తిరిగే బండికైతే ముందు హౌసింగ్‌ను (వెనక ఇరుసు ఉండే ఇనుప గొట్టాన్ని) సరిగ్గా మధ్యకు తెచ్చుకోవాలి. తర్వాత బంప్ స్టాపర్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు ముక్క) సరిచేయాలి. అప్పటికీ తగిలితే టైరు ఒక సైజు తగ్గించాలి. ఫైబర్ కొయ్యడం వీటన్నిటి తర్వాతే. ఎందుకంటే మొదటి మూడూ నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు, కోసిన మడ్‌గార్డును తీసుకోలేం.

రెప్లికాల్లోనే ఎందుకింత ఎక్కువ

మన దగ్గర కనిపించే రెప్లికాల్లో కోబ్రా ఆకారానివి ఎక్కువ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇంగ్లండులో తయారయ్యే ఏసీ ఏస్ అనే చిన్న కారులో అమెరికన్ రేసర్ కారల్ షెల్బీ 1962లో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టించాడు, అదే కోబ్రా. 1965 నాటి 427 మోడల్‌కు కాయిల్ స్ప్రింగులూ, వెడల్పు టైర్ల కోసం బాగా ఉబ్బిన వెనక మడ్‌గార్డులూ వచ్చాయి. రెప్లికాలు ఎక్కువగా ఆ ఉబ్బిన ఆకారాన్నే తీసుకుంటాయి. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 90 అంగుళాలు, అంటే 2,286 మి.మీ. మాత్రమే.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆకారం 427ది, హౌసింగ్ మాత్రం ఇంకో బండిది. అమెరికాలో ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కిట్ కంపెనీలు ఫోర్డ్ మస్టాంగ్ విడిభాగాలు సరిపోయేలా ఛాసీ కొలతలు వేసుకున్నాయి. మన దగ్గర కాంటెస్సా, అంబాసిడర్, జిప్సీ లాంటి బండ్ల నుంచి ఏ హౌసింగ్ దొరికితే దాని చుట్టూ ఛాసీ కడతారు. పైగా ఫైబర్ బాడీ చేత్తో అచ్చులోంచి తీసింది. ఎడమ ఆర్చికీ (చక్రం పైనుండే మడ్‌గార్డు వంపు) కుడి ఆర్చికీ తేడా ఉండొచ్చు. బాడీని ఛాసీ మీద కూర్చోబెట్టి బోల్టులు వేసేటప్పుడు అటో ఇటో జరిగుండొచ్చు. అందుకే ఒకే అచ్చు బాడీలున్న రెండు కార్లకు కూడా ఒకే మందు పనిచేయదు.

ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, ఎక్కడ తగులుతోంది. బయట మడ్‌గార్డు అంచుకా, లోపల ఛాసీ పైపుకో షాక్ అబ్జార్బర్‌కో తగులుతోందా, ఆర్చి ముందు భాగానికా? టైరు పక్కగోడ మీద సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీసి బండి ఒక రౌండు తిప్పండి. చెరిగిన చోటే తగిలిన చోటు. ఆర్చి లోపల నల్లగా మెరిసే చార కూడా అదే చెబుతుంది.

రెండోది, ఎప్పుడు తగులుతోంది. రెండు చక్రాలూ కలిసి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద తగలడం వేరు, ఒక్క చక్రం గుంతలో పడి లేచినప్పుడు తగలడం వేరు. మలుపులో, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వెనక బరువు ఎక్కినప్పుడు కారణాలు మళ్లీ మారిపోతాయి.

మూడోది, ఎన్ని మిల్లీమీటర్లు చాలడం లేదు. ఇది కొలవకుండా ఏ వస్తువూ కొనకండి. 5 మి.మీ. కొరతకు చేసే పని, 20 మి.మీ. కొరతకు చేసే పని పూర్తిగా వేరు.

నాలుగోది, మీ రోడ్డు, మీ బరువు. 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి దాకా వెళ్లొచ్చే బండి అవసరాలు, చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే దారిలో రోజూ నడిచే బండి అవసరాలు ఒకటి కావు.

ఐదోది, దొరకడం. కోబ్రా ఫొటోల్లో కనిపించే 275/60 ఆర్15, 315/35 ఆర్17 లాంటి సైజులు (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, రెండోది అందులో పక్కగోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము) మన టైర్ల షాపుల్లో మామూలుగా ఉండవు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి ఆంక్షల జాబితాలో ఉంది, లైసెన్సు లేకుండా తెప్పించడం కుదరదు. ఎవరైనా పాత స్టాకు తెచ్చిస్తే పక్కగోడ మీది నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మన ఎండలకు నిలవున్న టైరు గట్టిబడిపోతుంది, చూడటానికి కొత్తగా ఉన్నా పట్టు ఉండదు.

ముందు ఖర్చులేని పరీక్ష

ఇది ఏ ఎంపికకైనా ముందు చేయాలి. డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టి, సగం ట్యాంకు పెట్రోలుతో, చదునైన నేల మీద నిలిపి, బాడీ కాకుండా ఛాసీ మీద ఒకే చోటు నుంచి రెండు వెనక రిమ్ములకూ దూరం కొలవండి. ఎడమ, కుడి కొలతల మధ్య తేడా ఉంటే హౌసింగ్ ఎంత పక్కకు జరిగిందో తెలుస్తుంది. తర్వాత రిమ్ము నుంచి మడ్‌గార్డు అంచుకు కొలవండి. హౌసింగ్ మధ్యలోనే ఉండి ఇక్కడ తేడా వస్తే జరిగింది బాడీ.

ఆ తర్వాత అసలు పరీక్ష. ఛాసీ కింద స్టాండ్లు వేసి, వెనక స్ప్రింగులు విప్పి, షాక్ అబ్జార్బర్లు మాత్రం ఉంచి, జాకీతో హౌసింగ్‌ను బంప్ స్టాపర్ నొక్కుకునేదాకా లేపండి. రెండు వైపులా కలిపి ఒకసారి, ఒక్క వైపే లేపి ఒకసారి. ఆ స్థితిలో టైరు చుట్టూ 8 నుంచి 10 మి.మీ. ఖాళీ మిగిలితే మీ బండికి కొలతల సమస్య లేదు. బుష్‌లనో (కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టాలు), డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) సెట్టింగునో చూసుకోవాలి. బంప్ స్టాపర్ తాకకముందే టైరు బాడీని తాకితే, ఎంత మందం స్టాపర్ కావాలో, ఎంత టైరు తగ్గాలో అక్కడే కొలత దొరికిపోతుంది.

ఒక్క వైపే లేపినప్పుడు గమనించండి, లేచిన చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. రెండు టైర్ల మధ్య దూరం 1,400 మి.మీ. ఉన్న హౌసింగ్‌లో ఒక చక్రం 60 మి.మీ. లేస్తే, 650 మి.మీ. ఎత్తున్న టైరు పైభాగం దాదాపు 14 మి.మీ. లోపలికి వస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఏమీ వినపడని బండి, ఒక్క గుంతలో పడగానే లోపల ఛాసీకి తగలడానికి కారణం ఇదే. ఇలాంటి బండికి బయట అంచు కోయించుకుంటే డబ్బు దండగ.

| కనిపించే లక్షణం | ముందు అనుమానించాల్సింది |
|---|---|
| ఒక్క వైపే తగలడం | పాన్‌హార్డ్ రాడ్డు (హౌసింగ్ పక్కకు పోకుండా పట్టే కడ్డీ) పొడవు, బాడీ పక్కకు జరగడం |
| రెండు వైపులా, బయటి అంచుకు, స్పీడ్ బ్రేకర్ మీద | టైరు వెడల్పు, ఎత్తు, బంప్ స్టాపర్ |
| ఒక చక్రం గుంతలో పడినప్పుడు లోపల తగలడం | రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే కొలత), లోపలి ఖాళీ |
| మలుపులో మాత్రమే | అరిగిన బుష్‌లు, పాన్‌హార్డ్ బిగుతు |
| గట్టిగా లాగినప్పుడు ఆర్చి ముందు భాగానికి | ట్రెయిలింగ్ ఆర్మ్ (హౌసింగ్‌ను ముందు వైపు నుంచి పట్టే కడ్డీ) బుష్‌లు, కమాను కట్ట (వంగిన ఇనుప పట్టీల స్ప్రింగు) మెలిక |
| వరస గతుకుల్లో, మూడోదో నాలుగోదో దాటాక | డ్యాంపర్ రీబౌండ్ (నొక్కుకున్నాక తిరిగి సాగడం) మరీ బిగుసుగా ఉండటం |

ఎంపికలు ఒక్కొక్కటిగా

*పాన్‌హార్డ్ రాడ్డు, బుష్‌లు సరిచేయడం.* కాయిల్ స్ప్రింగుల మీద సాలిడ్ హౌసింగ్ (రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీదుండేది) ఉంటే, దాన్ని పక్కకు పోకుండా పట్టేది చాలా బండ్లలో పాన్‌హార్డ్ రాడ్డే. అది ఒక కొసన ఛాసీకి, ఇంకో కొసన హౌసింగ్‌కు ఉంటుంది కనుక చక్రాలు లేచినప్పుడు హౌసింగ్ ఒక వంపులో కొంచెం పక్కకు జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది రాడ్డు వాలు మీద ఆధారపడుతుంది. 700 మి.మీ. రాడ్డు నిలబడ్డ ఎత్తులో నేలకు సమాంతరంగా ఉంటే 60 మి.మీ. లేచినప్పుడు జరిగేది రెండున్నర మి.మీ. మాత్రమే. అదే రాడ్డు ముందే 60 మి.మీ. వాలుగా ఉంటే, ఇంకో 60 లేచేసరికి దాదాపు 8 మి.మీ. జరుగుతుంది. బండిని కిందికి దింపించుకున్నాక ఒక్క వైపే తగలడం మొదలైందంటే నేను ముందు చూసేది ఈ వాలునే. రాడ్డు బ్రాకెట్ ఎత్తు మార్చి సమానం చేయడం, మరతో పొడవు సర్దుకునే రాడ్డు వేసి హౌసింగ్‌ను మధ్యకు తేవడం, ఇంతే పని. వాట్స్ లింక్ (రెండు కడ్డీలతో హౌసింగ్‌ను సూటిగా పైకీ కిందికీ నడిపే ఏర్పాటు) వేస్తే పక్కకు జరగడం దాదాపు ఉండదు. అయితే బరువు, బ్రాకెట్ల పని పెరుగుతాయి. రోడ్డు బండికి అంత అవసరం లేదు.

జిప్సీ, అంబాసిడర్ తరహా కమాను కట్టల మీదున్న రెప్లికాల్లో ఈ రాడ్డు ఉండకపోవచ్చు. అక్కడ షాకిల్ (కట్ట కొసను ఛాసీకి కలిపే కదిలే లింకు) బుష్‌లు, కట్ట కంటి బుష్‌లు అరిగితే ఎడమ మలుపులో కుడి చక్రం లోపలికి, ఎడమ చక్రం బయటికి జరుగుతాయి. గడ్డపారతో హౌసింగ్‌ను పక్కకు ఎగదోస్తే ఆట కనిపిస్తుంది. బుష్‌ల సెట్టు మార్చడం చవకైన పనుల్లో ఒకటి.

*సన్నటి టైరు.* చాలామందికి ఇది మింగుడుపడదు. వెనక వెడల్పు టైరు లేకపోతే కోబ్రా అందమే పోతుందంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, ఈ కారు కొనేదే అందం కోసం. కానీ లెక్క చూడండి. 275/60 ఆర్15 నుంచి 255/60 ఆర్15కు వస్తే వెడల్పు 20 మి.మీ., అంటే ఒక్కో వైపు 10 తగ్గుతుంది. ఎత్తు 711 నుంచి 687కు పడుతుంది, పైన ఇంకో 12 మి.మీ. ఖాళీ వస్తుంది. ఒక్క మార్పుతో రెండు దిక్కులా లాభం. ఆర్చికీ టైరుకూ మధ్య ఖాళీ ఎక్కువై బోడిగా కనిపిస్తుందనుకుంటే బండిని పది మి.మీ. దింపుకునే వీలు కూడా వస్తుంది. నష్టం ఏమిటంటే స్పీడోమీటరు అసలు వేగం కన్నా మూడున్నర శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది, ఇంజను కొంచెం ఎక్కువ తిరుగుతుంది.

మన ఊళ్లో ఏ రోజైనా దొరికే సైజుకు రావాలంటే పాత ఇన్నోవాకు వచ్చిన 205/65 ఆర్15 ఉంది. ఎత్తు సుమారు 647 మి.మీ. పంక్చరై పక్కగోడ చీలినా సాయంత్రానికి ఇంకో టైరు దొరుకుతుంది. 225/60 ఆర్15 ఎత్తు 651 కనుక ఈ రెండింటి మధ్య మారినా స్పీడోమీటరు పెద్దగా మారదు. ఒక హెచ్చరిక: టైరు మీది వెడల్పు ఒక నిర్ణీత రిమ్ము మీద కొలిచింది. రిమ్ము అర అంగుళం వెడల్పైతే అదే టైరు 5 మి.మీ. ఉబ్బుతుంది. అంటే ఒక్కో వైపు రెండున్నర, కొరత రెండు మి.మీ. ఉన్నవాళ్లకు అర అంగుళం సన్నటి రిమ్మే సమస్యను తీర్చొచ్చు.

*రిమ్ము ఆఫ్‌సెట్ మార్చడం.* టైరు వెడల్పు తగ్గించడం ఇష్టం లేనివాళ్లకు ఇది మంచి దారి, కానీ లోపల ఖాళీ ఉంటేనే. ఈటీ 25 (ఆఫ్‌సెట్ 25 మి.మీ.) రిమ్ము తీసి ఈటీ 35 వేస్తే టైరు 10 మి.మీ. లోపలికి వెళ్తుంది. బయట గెలిచిన పదీ లోపల పోతాయి. పైన చెప్పిన 14 మి.మీ. వాలు గుర్తుంచుకుని, ఒక్క వైపే లేపి చూసిన కొలతతోనే ఆర్డరు పెట్టండి. రిమ్ము 7 అంగుళాల నుంచి 8కి పెంచి ఆఫ్‌సెట్ అలాగే ఉంచితే రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున పెరుగుతుందని కూడా మర్చిపోవద్దు. ఖర్చు ఎక్కువే. అయితే పాత రిమ్ములు ఉంచుకుంటే ఎప్పుడైనా వెనక్కి వెళ్లవచ్చు.

*స్పేసర్.* హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ల ఇది. టైరును బయటికే తోస్తుంది, లోపల తగిలే బండికి మాత్రమే మందు. హబ్బు మధ్య బొడ్డు మీద బిగుతుగా కూర్చునే రకమే తీసుకోవాలి. స్పేసర్ వేశాక స్టడ్డు మీద నట్టు ఎంత పట్టిందన్నది ముఖ్యం: 12 మి.మీ. స్టడ్డుకు కనీసం 12 మి.మీ. మర పట్టాలి, 1.5 పిచ్ మరైతే నట్టు కనీసం ఎనిమిది చుట్లు తిరగాలి. అంతకన్నా తక్కువ పడితే పొడవు స్టడ్డులు వేయించకుండా రోడ్డెక్కవద్దు. లేత్ షాపులో తిప్పించిన అల్యూమినియం బిళ్లను, మధ్య బొడ్డు లేకుండా వేసుకోవడం ప్రాణాలతో చెలగాటం.

*ఎత్తు పెంచడం.* కాయిలోవర్ (చుట్టూ స్ప్రింగు ఉన్న) షాక్ అబ్జార్బర్ ఉంటే స్ప్రింగును ఆపే మర కాలర్ తిప్పితే చాలు, ఖర్చు లేదు. 15, 20 మి.మీ. పెంచితే స్పీడ్ బ్రేకర్ల మీద బండి అడుగు కూడా రక్షణ పొందుతుంది. కాలర్ తిప్పడం వల్ల స్ప్రింగు గట్టిపడదు, డ్యాంపర్ ప్రయాణంలో (అది నొక్కుకుని, సాగే మొత్తం దూరంలో) పైకీ కిందికీ ఉన్న వాటా మారుతుందంతే. 100 మి.మీ. ప్రయాణం ఉన్న డ్యాంపర్లో పైకి 60, కిందికి 40 ఉంటే మన రోడ్లకు బాగుంటుంది. మరీ పెంచేస్తే కిందికి ప్రయాణం మిగలక, గతుకు దిగేటప్పుడు ఠంగుమని చప్పుడొస్తుంది, చక్రం నేలను వదిలేస్తుంది. ఎత్తు మార్చిన ప్రతిసారీ పాన్‌హార్డ్ వాలు మళ్లీ చూడాలి.

*గట్టి స్ప్రింగు.* అందరూ ముందు చెప్పే సలహా ఇదే, నేను ఆలస్యంగా ఒప్పుకునేదీ ఇదే. స్ప్రింగు గట్టిదనం చక్రం దగ్గర లెక్కేస్తే మి.మీ.కు 2 కిలోలు ఉందనుకోండి. గతుకులో 250 కిలోల అదనపు బలం పడితే చక్రం 125 మి.మీ. లేవాలని చూస్తుంది. 3 కిలోల స్ప్రింగు వేస్తే 83. అంటే ఒకటిన్నర రెట్లు గట్టి చేసినా పెద్ద గతుకులో 60 మి.మీ. ప్రయాణం అయిపోతూనే ఉంటుంది, ఆపాల్సింది చివరికి బంప్ స్టాపరే. ఈలోగా ఒక్కో మూల 250 కిలోలున్న బండి సహజ ఊగు సెకనుకు 1.4 నుంచి 1.7కు పెరుగుతుంది. నడుముకు తెలుస్తుంది, తడి రోడ్డు మీద వెనక చక్రాల పట్టుకూ తెలుస్తుంది. వీల్‌బేస్ తక్కువ, ఇంజను బలం ఎక్కువ ఉన్న కారుకు వెనక పట్టు పోవడం చిన్న విషయం కాదు. స్ప్రింగు నిజంగా మెత్తబడి కుంగిపోయి ఉంటేనో, ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లో ఇది చేయించుకోవాలి.

స్ప్రింగు మీద రాసిన అంకె చక్రం దగ్గరి లెక్క కాదన్నది కూడా చూసుకోండి. అమెరికన్ స్ప్రింగు మీద 350 అని ఉంటే అది అంగుళానికి 350 పౌండ్లు, మి.మీ.కు ఆరుంపావు కిలోలు. డ్యాంపర్ వాలుగా, చక్రానికి లోపలగా ఉండి మోషన్ రేషియో (చక్రం ఒక మి.మీ. లేస్తే డ్యాంపర్ ఎంత కదులుతుందో ఆ నిష్పత్తి) 0.7 అయితే, దాని వర్గం 0.49తో గుణిస్తే చక్రం దగ్గర మిగిలేది 3 కిలోలే.

*బంప్ స్టాపర్.* ఇంత చిన్న రబ్బరు ముక్క మీద ఇన్ని మాటలు ఎందుకంటే, టైరు బాడీని తాకకముందే ప్రయాణాన్ని ఆపే బాధ్యత దానిదే. చాలా రెప్లికాల్లో అది ఉండనే ఉండదు, లేదా ఎండిపోయి పొడి రాలిపోయి ఉంటుంది. నొక్కేకొద్దీ క్రమంగా గట్టిపడే పాలీయూరిథేన్ ఫోమ్ రకం వేయాలి. గట్టి రబ్బరు దిమ్మ వేస్తే తాకిన క్షణం బండి ఎగిరిపడుతుంది. స్ప్రింగు విప్పి చేసిన పరీక్షలో ఎంత ముందుగా ఆగాలో తేలిందిగా, అంత మందం వచ్చేలా డ్యాంపర్ కడ్డీ మీద స్టాపరు కింద ప్యాకర్ వాషర్లు పేర్చుకోవచ్చు. 10, 15 మి.మీ. వరకూ బాగా పనిచేస్తుంది. ప్రయాణం 45 మి.మీ. కన్నా తగ్గిపోయేలా ఉంటే మాత్రం ఆపండి, ఆ బండికి టైరు మార్చడమే దారి.

*మడ్‌గార్డు అంచు కోయడం.* ఇనుప బాడీ అంచునైతే వేడిచేసి రోలరుతో మడిచేస్తారు. ఫైబర్ మడవదు, పగులుతుంది. లోపలికి తిరిగిన అంచును గ్రైండరుతో తీయాలి, తీశాక లోపలి నుంచి మ్యాట్ (గాజు పీచు చాప), రెజిన్‌తో రెండు పొరలైనా వేసి బలం తిరిగి ఇవ్వాలి. ఈ రెండో పని చేయకుండా వదిలేసిన ఆర్చిలే కొన్నాళ్లకు జెల్‌కోట్ (ఫైబర్ పైనుండే నున్నటి పొర) మీద సాలెగూడులా చీలికలు వేస్తాయి. ఆ అంచే ఆర్చికి నడుం కట్టు. గ్రైండింగ్ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

ఈ విషయంలో మన తీరానికి ఒక అదృష్టం ఉంది. జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం వైపు మత్స్యకారుల ఫైబర్ పడవలకు అతుకులు వేసే పనివాళ్లు ఉన్నారు. మ్యాట్ ఎంత తడవాలో, పొరల మధ్య గాలి బుడగ లేకుండా రోలరు ఎలా తిప్పాలో వాళ్లకు తెలిసినంతగా మామూలు డెంటింగ్ షెడ్డులో తెలియదు. లోపలి పొరలు వాళ్లతో వేయించి, బయటి ఫినిషింగ్, పెయింటు మాత్రం కార్ల పెయింటరుకు ఇవ్వడం నాకు నచ్చిన పద్ధతి. రోహిణి కార్తె ఎండల్లో గట్టిపడే మందు 1 శాతం దగ్గరే ఉంచి తెల్లవారుజామున చేయించండి, లేకపోతే మ్యాట్ తడవకముందే రెజిన్ గడ్డకడుతుంది.

*హౌసింగ్ పొట్టి చేయడం.* రెండు వైపులా టైర్లు 25, 30 మి.మీ. బయటికొచ్చి కూర్చున్న బండికి ఇంకో దారి ఉండదు. హౌసింగ్ పైపు కోసి అతికించడం, యాక్సిల్ షాఫ్టు పొట్టి చేసి మళ్లీ పళ్లు తీయడం, ఆ పళ్లకు వేడి చికిత్స చేయించడం, అన్నీ జిగ్ (పనిని కదలకుండా పట్టి ఉంచే చట్రం) మీద సూటిగా జరగాలి. ఇలాంటి హౌసింగ్‌లలో ఎక్కువ భాగం షాఫ్టే చక్రాన్ని పట్టుకుని ఉంటుంది, అది విరిగితే చక్రమే ఊడి పోతుంది. ఈ పనిలో అనుభవం చూపించలేని చోట చేయించకండి. సన్నటి హౌసింగ్ ఉన్న ఇంకో బండిది వెతుక్కోవడం చాలాసార్లు మేలు.

| మార్పు | ఏ దిక్కున ఖాళీ | ఖర్చు | వెనక్కి తీసుకోవచ్చా | పెద్ద నష్టం |
|---|---|---|---|---|
| పాన్‌హార్డ్, బుష్‌లు | పక్కలకు | తక్కువ | అవును | దాదాపు లేదు |
| సన్నటి టైరు | పక్కలకు, పైకి | మధ్యస్తం | అవును | రూపం, స్పీడోమీటరు |
| రిమ్ము ఆఫ్‌సెట్ | బయట లేదా లోపల ఒక్కటే | ఎక్కువ | అవును | అవతలి వైపు ఖాళీ పోతుంది |
| స్పేసర్ | లోపల | తక్కువ | అవును | స్టడ్డు పట్టు, బేరింగు భారం |
| ఎత్తు పెంచడం | పైకి | లేదు | అవును | కిందికి ప్రయాణం తగ్గుతుంది |
| గట్టి స్ప్రింగు | పైకి, కొంతే | మధ్యస్తం | అవును | పట్టు, సుఖం |
| బంప్ స్టాపర్ | పైకి, కచ్చితంగా | తక్కువ | అవును | ప్రయాణం తగ్గుతుంది |
| అంచు కోయడం | బయట | మధ్యస్తం | కాదు | చీలికల భయం |
| హౌసింగ్ పొట్టి | రెండు పక్కలా | చాలా ఎక్కువ | కాదు | పని చెడితే ప్రమాదం |

చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షన్ ఉన్న రెప్లికాలకు ఇంకో అవకాశం ఉంది. వెనక నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఒక డిగ్రీ పెంచితే 650 మి.మీ. టైరు పైభాగం దాదాపు 6 మి.మీ. లోపలికి వస్తుంది. ఒకటి, ఒకటిన్నర డిగ్రీ దాటితే హైవే మీద లోపలి అంచు త్వరగా అరుగుతుంది. సాలిడ్ హౌసింగ్‌కు ఇది కుదరదు.

మీరు ఎలాంటి ఓనరు

ఆదివారం తెల్లవారుజామున హైవే ఎక్కి గూడూరు వైపో కావలి వైపో వెళ్లొచ్చేవాళ్లకు: పాన్‌హార్డ్ సర్ది, ఫోమ్ బంప్ స్టాపర్ వేసి, స్ప్రింగులను ముట్టుకోకండి. ఇంకా తగిలితే ఒక సైజు టైరు తగ్గించండి. వేగంలో ఊగని, మెత్తటి బండి మీకు కావాలి.

లోపలి ఊళ్ల రోడ్లు, చీమకుర్తి, పొదిలి, ఉదయగిరి దారులు తప్పనివాళ్లకు: 15 మి.మీ. ఎత్తు, దొరికే సైజు టైరు. ఒక చక్రం గుంతలో పడే సందర్భాలు మీకు ఎక్కువ కాబట్టి లోపలి ఖాళీ ముందు చూసుకోండి. వెడల్పు రిమ్ము ఆలోచన వదిలేయడం మంచిది.

పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాళ్లకు: వధూవరులను వెనక డెక్కు మీద కూర్చోబెట్టి ఊరేగిస్తే 120, 150 కిలోలు వెనక ఇరుసు మీదే పడతాయి. టైరు అంచుకు ఆనుకుని అదే పనిగా రాసుకుంటే పక్కగోడ చీలుతుంది. ఊరేగింపు వేగం తక్కువే అయినా ఆ టైరుతోనే మీరు రాత్రి హైవే మీద ఇంటికి రావాలి. ఈ వాడకానికి మాత్రం కొంచెం గట్టి స్ప్రింగునూ, పెంచిన ఎత్తునూ నేను సమర్థిస్తాను. డెక్కు కింద ఛాసీ ఆధారం లేకపోతే ఎవరినీ కూర్చోబెట్టవద్దు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాలనుకునేవాళ్లకు: రెండో సెట్ రిమ్ములు పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక. ట్రాక్‌కు సన్నటి, మంచి పట్టున్న టైర్లు, గట్టి స్ప్రింగులు. వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి వాలకుండా పట్టే కడ్డీ) బిగించి మలుపులో ఒరుపు తగ్గించుకోవాలని చూడకండి. చిన్న వీల్‌బేస్ బండి వెనక భాగం ఒక్కసారిగా తిరిగిపోతుంది. ముందు బార్ పెంచి వెనక మెత్తగా ఉంచితే నిలకడగా ఉంటుంది.

ఇంకా కడుతున్నవాళ్లకు: మీ అంత అదృష్టవంతులు లేరు. బాడీ బోల్టులు వేయకముందే అసలు రిమ్ములు, అసలు టైర్లు బిగించి, హౌసింగ్‌ను పూర్తిగా పైకి లేపి, బాడీని దాని మీద కూర్చోబెట్టి చూడండి. ఆ రోజు తీసుకున్న కొలతతో పైన చెప్పిన ఖర్చుల్లో సగానికి పైగా మీకు అవసరమే ఉండదు.

సెట్టింగు వరస

ఏ మార్పు చేసినా ఈ వరస తప్పకండి: డ్రైవరు బరువుతో ఎత్తు సర్దడం, పాన్‌హార్డ్ సమానం చేయడం, హౌసింగ్ మధ్యకు తేవడం, నాలుగు చక్రాల బరువు చూడటం, అలైన్‌మెంట్, ఆఖరున డ్యాంపర్లు. నాలుగు బరువు కాటాలు దొరికితే ఐమూలగా ఎదురెదురు మూలల జంటలు (ముందు ఎడమ, వెనక కుడి ఒకటి; ముందు కుడి, వెనక ఎడమ ఇంకొకటి) రెండూ దాదాపు సమానం కావాలి. ముందు కన్నా వెనక పది మి.మీ. ఎత్తు ఉంచడం నాకు నచ్చుతుంది.

డ్యాంపర్ రీబౌండ్ గురించి ఒక్కమాట. టోల్ గేటు ముందు వరస గీతల మీద మొదట్లో నిశ్శబ్దంగా ఉండి, చివర్లో ఒరుపు వినిపిస్తుంటే, స్ప్రింగు లేచేలోపే తర్వాతి గతుకు వచ్చి బండిని ఇంకా కిందికి తొక్కుతోందన్నమాట. రీబౌండ్ రెండు క్లిక్కులు వదులు చేసి మళ్లీ అదే చోట నడపండి. ఇదే కారణమైతే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తగ్గిపోతుంది.

గాలి ఒత్తిడి ఉదయం చల్లటి టైరులోనే చూడాలి. వేడి ప్రతి ఐదున్నర డిగ్రీలకూ సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం చూసి గాలి తగ్గించేస్తే మర్నాడు తెల్లవారుజామున టైరు మెత్తబడి, మలుపులో పక్కగోడ వాలి, పోయిన ఒరుపు మళ్లీ వస్తుంది.

చట్టం మాట కూడా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మళ్లీ చెప్పింది. టైర్లు, బుష్‌లు, డ్యాంపర్ల దాకా ఒక లెక్క, హౌసింగ్, ఛాసీ కోయడం ఇంకో లెక్క. అలాంటి పని ఆలోచిస్తుంటే ముందే ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్లతోనూ మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోండి.

పని పూర్తయ్యాక 50 నుంచి 100 కి.మీ. నడిపి చక్రాల నట్లు, పాన్‌హార్డ్ లాక్‌నట్టు టార్క్ రెంచితో మళ్లీ బిగించండి, స్ప్రింగు కాలర్లు కదల్లేదేమో చూడండి. డ్యాంపర్ కడ్డీకి ఒక జిప్ టై బిగించి వదిలితే అది ఎంత పైకి జరిగిందో చూసి నిజంగా ఎన్ని మి.మీ. ప్రయాణం వాడుతున్నారో తెలుస్తుంది. అది స్టాపర్ దాకా రోజూ వెళ్తుంటే ఎత్తు ఐదు మి.మీ. పెంచండి, సగం దగ్గరే ఆగుతుంటే దింపుకునే వీలు మీకింకా ఉంది.